సున్నా పెట్టిన ఊరు

ఆ అట్టపెట్టె నా టేబుల్ మీద పడ్డ చప్పుడుకి టీ గ్లాసు ఎగిరి కింద పడింది. నేను గ్లాసు వైపు చూడలేదు. పెట్టె పడేసిన మనిషిని చూసి నోరు తెరిచాను.

వానలో సగం తడిసిన చుడీదార్, భుజాన లావుపాటి సంచి, కళ్ళ నిండా కోపం.

"ఇవన్నీ మీరే వేయించుకోండి సార్," అంది. "రెండొందల బలం సూదులు. మా ఊళ్ళో ఎద్దులకు వేసినా ఇంకా మిగులుతయ్."

నా పేరు శ్రీహర్ష. బీఫార్మసీ చదివి, నరసరావుపేటలో మందుల స్టోరులో చేరి రెండేళ్ళయింది. చుట్టుపక్కల పల్లెల్లోని హెల్త్ సెంటర్లకు నెలనెలా మందులు పంపడం నా పని. ఆ రెండేళ్ళలో నా మీద గొంతు పెంచినవాళ్ళు లేరు. పని బ్రహ్మాండంగా చేస్తున్నానని నాకు నేనే సర్టిఫికెట్ ఇచ్చుకుని తిరుగుతున్న రోజులవి.

"ఎవరండీ మీరు?"

"భవిత. తెల్లబండపాలెం నర్సుని. నాలుగు నెలల్నుంచి మీకు ఫోన్లు చేసీ చేసీ నా గొంతు పోయింది. నేనడిగింది ఇవి కాదు. మూడు నెలల సూది."

కాన్పుకూ కాన్పుకూ ఎడం కావాలనుకునే ఆడవాళ్ళకు మూడు నెలలకోసారి వేసే ఇంజెక్షన్ అది. ప్రభుత్వం ఉచితంగానే ఇస్తుంది. పల్లెల్లో అందరూ దాన్ని మూడు నెలల సూది అనే అంటారు.

నేను కంప్యూటర్ స్క్రీన్ ఆమె వైపు తిప్పాను. "చూడండి మేడమ్. మీ ఊళ్ళో ఆ సూది వాడకం సున్నా. బలం సూదులు మాత్రం పోటీలు పడి వేయించుకుంటున్నారు. ఈ ఏడాది నుంచి వాడకాన్ని బట్టే సరుకు. పోర్టల్ ఏది చెబితే నేను అదే పంపుతా."

"పోర్టల్ తప్పు చెబుతోంది."

"పోర్టల్లో ఎక్కించింది మీ సెంటర్ వాళ్ళే కదా!"

ఆమె పెదవి కొరుక్కుని నిలబడింది. నేను గెలిచాననుకుని కుర్చీలో వెనక్కి వాలాను.

"నలభై ఒక్క మంది ఉన్నారు," అంది చివరికి, గొంతు బాగా తగ్గించి.

"పేర్లు చెప్పండి, ఎక్కిస్తా."

"పేర్లు చెప్పను."

"పేర్లు లేని నలభై ఒక్క మందా? దెయ్యాలకు గానీ వేస్తున్నారా సూదులు?"

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "చెవిటోడి ముందు శంఖం ఊదినట్టుంది నా బతుకు," అని, పెట్టె అక్కడే వదిలేసి వానలోకి వెళ్ళిపోయింది. ఎంత పొగరు అనుకున్నాను. ఎంత అందం అని కూడా అనుకున్నాను. రెండూ ఒకేసారి అనిపించడం నాకదే మొదటిసారి.

మా స్టోరు ఆఫీసరు నాగభూషణరావు గారు కళ్ళద్దాల మీదుగా అంతా చూశారు. "వెనక్కొచ్చిన సరుకు ఊరికే స్టాకులో కలపకూడదోయ్. గురువారం ఆ సెంటరుకెళ్ళి అసలేం జరుగుతుందో చూసిరా. మీ అక్కయ్యను ఇచ్చింది ఆ ఊరే కదా, భోజనం కూడా అక్కడే కానిచ్చెయ్."

నిజమే. మా అక్క సుష్మితను తెల్లబండపాలెం లారీల వాళ్ళకిచ్చాం. బావ మోహన్ క్వారీ నుంచి సున్నపురాయి లోడు తోలతాడు. అత్తగారి పేరు బుజ్జమ్మ. ఆవిడ కేకేస్తే క్వారీలో మిషన్ కూడా ఆగుతుందని బావే నవ్వుతూ చెబుతాడు. అక్కకు మూడేళ్ళ పాప. రెండో కాన్పుకు పోయిన ఏడాది ఏడో నెలలోనే ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. బిడ్డ దక్కలేదు. అక్కకు నాలుగు బాటిళ్ళ రక్తం ఎక్కించారు. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తరు.

గురువారం పొద్దున నడికుడిలో రైలు దిగి, ఆటో పట్టుకుని తెల్లబండపాలెం చేరాను. హెల్త్ సెంటర్ వరండాలో పదిమంది దాకా ఆడవాళ్ళున్నారు. అందరి చేతుల్లోనూ సంచులు. పక్కనే ఉన్న అంగన్‌వాడీలో గుడ్లు, పాలప్యాకెట్లు ఇచ్చే రోజట.

"వచ్చారా? దెయ్యాల్ని చూసి పోదామనా?" అంది భవిత.

"ఇన్‌స్పెక్షన్," అన్నాను వీలైనంత గంభీరంగా.

"ఆ మూల కూర్చోండి. నోరు మాత్రం తెరవకండి."

ఒక్కొక్కరే లోపలికొచ్చి అడుగుతున్నారు. "బలం సూది వచ్చిందా నర్సమ్మా?"

"రాలేదమ్మా. ఇంకో వారం చూద్దాం."

నాకు బుర్ర తిరిగింది. నా పక్కన బీరువా నిండా బలం సూదులే. ఇన్ని పెట్టుకుని రాలేదంటుందేమిటీ మనిషి? ఇదేదో దొంగ వ్యవహారమే అని జేబులోంచి నోట్‌బుక్ తీశాను.

అప్పుడొచ్చింది, కొంగు ముఖమ్మీదికి లాక్కుని ఒకావిడ. "నర్సమ్మా, బలం సూది ఏమన్నా…"

ఆ గొంతు నేను పుట్టినప్పటి నుంచీ వింటున్నదే.

"అక్కా!"

అక్క చేతిలో సంచి జారి గుడ్లన్నీ నేల పాలయ్యాయి. "ఒరేయ్… నువ్వేందిరా ఈడ?"

"డ్యూటీ మీద వచ్చా. నీకు బలం సూది కావాలా? బీరువా నిండా ఉన్నయ్ అక్కా, ఈవిడ లేవంటుందేంది!" నేను వీరుడిలా లేచి, బీరువా తెరిచి, ఒక సీసా తెచ్చి భవిత ముందు పెట్టాను. "వేయండి మేడమ్. మా అక్కకు వేయండి, నేను చూస్తా."

భవిత కదల్లేదు. సీసా వంకా నా వంకా చూడలేదు. అక్కనే చూస్తోంది. నేనూ చూశాను. అక్క ఏడుస్తోంది.

"ఆ సూది కాదురా తమ్ముడా," అంది కళ్ళు తుడుచుకుంటూ. "మూడు నెల్లది."

 భవిత వెళ్ళి తలుపు వేసింది.

"ఇంకో మూడేళ్ళ దాకా కడుపు రాకూడదంది పెద్దాసుపత్రి డాక్టరమ్మ. వస్తే ఈసారి నేను కూడా దక్కనంట. మీ బావ మంచోడేరా. కానీ వాళ్ళమ్మ మాట జవదాటడు. మా అత్తేమో పొద్దున లేస్తే మనవడు, మనవడు అంటది. ఎవురికని జెప్పను?"

"మరి బలం సూదని ఎందుకు అడుగుతున్నావు?"

అక్క టేబుల్ మీద రిజిస్టరు చూపించింది. "అందులో అట్టా రాస్తారు గనకనే మేం ధైర్యంగా వస్తన్నాం."

అసలు సంగతి అప్పుడు తెలిసింది. గుడ్లకీ పాలకీ వచ్చే అత్తగార్లు ఆ ఊళ్ళో సెంటరు లోపలికే వచ్చి కూర్చుంటారు. మా కోడలికి రక్తం ఎంతుందో చూడమంటూ రిజిస్టరు పేజీలు తిప్పిస్తారు. చదువు రాకపోతే పక్కావిడ చదివి పెడుతుంది. అందుకని ఎప్పుడో పాత నర్సమ్మ ఒక ఉపాయం కనిపెట్టింది. మూడు నెలల సూది వేసి, పుస్తకంలో బలం సూదని రాసేది. అప్పట్లో అడిగినా అడక్కపోయినా ప్రతి ఊరికీ అన్ని మందులూ కొంత వెళ్ళేవి కాబట్టి ఎవరికీ నష్టం లేకపోయింది. కొత్త పోర్టల్ వచ్చాక పుస్తకంలో ఉన్నదే వాడకం అయింది. ఆ ఊరికి బలం సూదులు వరదలా వచ్చిపడ్డాయి. అసలు సూది ఆగిపోయింది. నెలనెలా ఆ సున్నా ఎదురుగా ఓకే నొక్కిన వేలు నాదే.

"నీ గడువు ఎప్పుడు?" అని అక్కను అడిగాను.

భవిత అక్క వైపు చూసింది. అక్క తలూపాకే నోరు విప్పింది. "పంతొమ్మిది రోజులు దాటింది. నాలుగు వారాల లోపలైతే వేయొచ్చు. ఇంక తొమ్మిది రోజులుంది."

అక్క వెళ్ళిపోయాక నేను భవిత మీద విరుచుకుపడ్డాను. భయమేసినప్పుడు నాకు కోపమొస్తుంది. అది నా రోగం.

"ఆమె మా అక్క అని మీకు తెలుసు కదా? ఆ రోజు నా టేబుల్ ముందు నిలబడి ఒక్క మాట అనుంటే అప్పుడే పంపేవాణ్ణి!"

"ఎవరికి? మీ అక్కకా?" భవిత గొంతు పెంచలేదు. "మిగతా నలభై మందికి స్టోర్లో తమ్ముళ్ళు లేరు సార్. ఇద్దరికి అప్పుడే నెల తప్పింది. అందులో ఒకామెకు ముగ్గురు పిల్లలు. మీ అక్క పేరు మీకు చెబితే, రేపు ఇంకోళ్ళ పేరు వాళ్ళన్నకు చెబుతా. ఎల్లుండి నుంచి ఈ గడప ఎవరూ తొక్కరు."

 ఆమె కింద కూర్చుని పగిలిన గుడ్లు ఎత్తుతోంది. నేనూ పక్కన కూర్చుని పెంకులు ఏరాను. ఆ పెంకులు ఏరుతుండగానే ప్రేమలో పడ్డానంటే మీరు నవ్వుతారు. తిట్లు తింటూ మనసు పారేసుకున్నవాణ్ణి పల్నాట్లో నేనొక్కణ్ణే కాదులెండి.

"తొమ్మిది రోజుల్లో తెస్తా," అన్నాను.

"చూస్తా," అంది.

మర్నాడు నాగభూషణరావు గారికి, ఎవరి పేరూ ఎత్తకుండా, అంతా చెప్పాను. ఆయన మొదట నమ్మలేకపోయారు. "సున్నా కాదు, నలభై ఒకటా? అయితే ఇట్లా సున్నా చూపిస్తున్న ఊళ్ళు ఇంకెన్నున్నాయ్?"

వెతికితే ఇరవై మూడు తేలాయి. ఒక్కో నర్సుకూ ఫోన్ చేశాను. "మేడమ్, మీరు కూడా మూడు నెలల సూదిని ఇంకో పేరుతో రాస్తున్నారా?" అని అడిగితే "మీకెవరు చెప్పారు సార్?" అని గుసగుస. ఒకరు దాన్ని ధనుర్వాతం సూది అని రాస్తున్నారు. ఒక మహాతల్లి ఏకంగా దగ్గుమందు అని రాసింది. లెక్క తేలేసరికి అలాంటి ఊళ్ళు పదకొండు!

నాగభూషణరావు గారు కళ్ళద్దాలు తీసి టేబుల్ మీద పెట్టారు. "ముప్పై ఏళ్ళ సర్వీసోయ్ నాది. ఆ ఊళ్ళలో ఆడవాళ్ళకు ఈ సూదంటే ఇష్టం లేదని నేను మీటింగుల్లో చెప్పొచ్చాను." తర్వాత ఆయనే ఫోన్ తీసి సరుకు కోసం వెతకడం మొదలుపెట్టారు.

సరుకు దొరికింది. మాచర్ల అవతల ఒక సెంటర్లో నూట ఇరవై సూదులు వాడకుండా ఉన్నాయి. ఇంకో నాలుగు నెలల్లో వాటి తేదీ అయిపోతుంది. అవి కదలాలంటే మాత్రం తెల్లబండపాలెం నుంచి నిజమైన లెక్క రావాలి. లెక్క రావాలంటే రిజిస్టర్లో నిజం రాయాలి. రాస్తే అత్తగార్లు చదువుతారు.

దారి చూపించింది భవితే, ఫోన్లో. "పేరొద్దు, నంబరు రాద్దాం. కార్డు మీద నంబరు, రిజిస్టర్లోనూ నంబరు. ఏ నంబరు ఎవరిదో రాసుకున్న పుస్తకం నా సంచి దాటి బయటికి రాదు."

"ఇంత తెలివి పెట్టుకుని నా టేబుల్ మీద పెట్టె ఎందుకు పడేశారండీ?"

"మీ తెలివి మీద నమ్మకం లేక."

ఆ తర్వాత రోజూ ఫోన్లే. "ఏమయింది?" అని ఆమె. "ఇంకో సంతకం కావాలి," అని నేను. "వాళ్ళ కుర్చీ పక్కనే కూర్చోండి." "కూర్చునే ఉన్నా. నా అవస్థ చూడలేక ఇడ్లీ కూడా పెట్టించారు." అవతల నవ్వు వినపడేది. ఆ నవ్వు కోసం అబద్ధపు ఇడ్లీలు చాలా తిన్నాను. కానీ ఫోన్ పెట్టేయగానే అక్క ముఖం గుర్తొచ్చేది. ఏడు రోజులు, ఆరు, అయిదు. 

ఎనిమిదో రోజు పొద్దున చివరి సంతకం అయింది. వ్యాను కోసం ఆగే ఓపిక లేదు. మాచర్ల నుంచి స్నేహితుడి బైకు మీద వానలోనే బయల్దేరాను. సెంటరు ముందు దిగేసరికి నా ఒంటి మీద పొడి జాగా అంటూ లేదు.

భవిత పరుగెత్తుకొచ్చింది. "రెయిన్‌కోట్ వేసుకోలేదేం?"

"పెట్టెకు వేశా. ఒక్కటే ఉంది."

ఆమె పెట్టెను చూసింది, నన్ను చూసింది. తన తువ్వాలు నా చేతిలో పెట్టి లోపలికెళ్ళిపోయింది. ఆ తువ్వాలుతో తుడుచుకోవడానికి నాకు మనసు రాలేదు.

కబురు అందుకుని ఆడవాళ్ళు రానే వచ్చారు. ముందు అక్కను లోపలికి పిలిచింది. నేను వరండాలో తలుపు పక్కన నిలబడ్డాను. అంతలో వీధి మలుపులో నల్లగొడుగు కనపడింది. గొడుగు కింద బుజ్జమ్మత్త.

నేను తలుపుకు ఇంకాస్త దగ్గరగా జరిగాను.

"ఏందబ్బాయ్, ఊళ్ళోకొచ్చి ఇంటికి రాకుండా ఈడ నిలబడ్డావు? సుష్మిత యాడ? గుడ్లకని వచ్చి గంటయింది."

"లోపల లేదత్తయ్యా!" అన్నాను. ఎవరైనా లోపల ఉందా అని అడిగితే కదా!

ఆవిడ కళ్ళు చిన్నవయ్యాయి. గొడుగుతో సహా తలుపు వైపు నడిచింది. నేను రెండు చేతులూ చాపి అడ్డం నిలబడ్డాను.

"అడ్డం లెగు."

"అత్తయ్యా, మీతో ఒక ముఖ్యమైన సంగతి చెప్పాలి."

"ఏంది?"

ఏదో ఒక అబద్ధం చెప్పాలి. ఇరవై మంది ఆడవాళ్ళు ఊపిరి బిగబట్టి నన్నే చూస్తున్నారు. తలుపు అవతల అక్క చేతికి సూది దిగుతోందో లేదో తెలియదు. నాకు ఒక్క అబద్ధం కూడా తట్టలేదు. అందుకని నిజం బయటికొచ్చేసింది.

"నాకు భవితంటే ఇష్టం! పెళ్ళంటూ చేసుకుంటే ఆమెనే చేసుకుంటా!"

లోపల స్టీలు ట్రే కింద పడ్డ చప్పుడు. సూది పగిలిందేమోనని నా పై ప్రాణాలు పైనే పోయాయి. వరండాలో ఒకావిడ "ఓయమ్మో" అని నోరు నొక్కుకుంది.

బుజ్జమ్మత్త గొడుగు మూయకుండానే బెంచీ మీద కూలబడింది. "నర్సమ్మనా?"

"ఊ."

"ఆ పిల్లకు తెలుసా?"

"ఇప్పుడే తెలిసుంటుంది."

ఆవిడ నన్ను కాసేపు వింతగా చూసింది. హఠాత్తుగా లేచి, గొడుగు నా చేతికిచ్చి, నన్ను పక్కకు నెట్టి లోపలికెళ్ళింది. వెనకాలే నేను. ఆవిడే తలుపు మూసింది.

నేలంతా దూది ఉండలు. భవిత చేతిలో ఖాళీ సిరంజి, ముఖం కందగడ్డలా ఉంది. సూది వేయడం అయిపోయిందని దాంతో తెలిసింది. అక్క జాకెట్టు చెయ్యి కిందికి లాక్కుంటూ, బిక్కచచ్చి, జబ్బ రుద్దుకుంటోంది.

బుజ్జమ్మత్త భవితను చూడలేదు. అక్క చేతినే చూసింది.

"ఏమే, రుద్దమాక. ఆ సూది ఏసినాక రుద్దగూడదు."

 బలం సూదికి ఎవరైనా జబ్బ రుద్దుకుంటారు. రుద్దితే మందు పనితనం తగ్గుతుందని నర్సులు మరీ మరీ చెప్పేది మూడు నెలల సూదికే.

"అత్తా… నీకు ఎట్టా…" అక్క మాట పూర్తికాలేదు.

"మాచర్లలో మా అమ్మాయి దేవికకు దగ్గరుండి ఏయించింది ఎవురనుకున్నావు? మూడు నెల్లకోసారి గుడ్లకని పోయి చెయ్యి నొప్పితో వచ్చేదానివి. నాకు తెలవదా?"

"మరి పొద్దున లేస్తే మనవడు మనవడంటావు గదా!"

"నలుగుర్లో అంటా. అనకపోతే ఈ ఊరోళ్ళు నన్ను బతకనిస్తారా? అంత రక్తం పోయి, తెల్లగా పాలిపోయి నువ్వు ఆ మంచం మీద పడుంటే, రెండు రాత్రుళ్ళు నీ కాళ్ళ కాడ కూకున్నదాన్ని. నాకు మనవడు కావాల్నా, నువ్వు కావాల్నా?" ఆవిడ గొంతు వణికింది. క్వారీ మిషన్లను ఆపే గొంతు అది. "మూడు వారాల్నుంచి సూది రాలేదని కోటయ్యసామికి మొక్కుకున్నా. కొండ మెట్లన్నీ నడిచెక్కుతానని."

"ఒక్క మాట నాతో అనుంటే ఏం పోయింది అత్తా? భయంతో చచ్చిపోయాను!"

"నువ్వు జెప్పలా. నేనడగలా."

అక్క ఆవిడ భుజమ్మీద పడి ఏడ్చేసింది. నేను తడిబట్టలతో గోడకు ఆనుకున్నాను. మా స్టోరు చేసిందీ అదే, ఈ సెంటరు చేసిందీ అదే. ఇన్ని నెలలు ఫోన్లూ కంప్యూటర్లూ పెట్టుకుని మేం ఒకరికొకరం అసలు సంగతి చెప్పుకోలేదు, అడగలేదు.

బుజ్జమ్మత్త కొంగుతో ముఖం తుడుచుకుని ఇటు తిరిగింది. "ఇంక నీ సంగతి జూద్దాం నర్సమ్మా. మావోడు అన్నది ఇన్నావుగా. చానా మంచి పిల్లోడు, బుర్రే కాస్త నిదానం. వాళ్ళమ్మతో నేను మాట్లాడతా. మీ అమ్మావాళ్ళది ఏ ఊరు?"

"ఒక్క నిమిషం పెద్దమ్మా," అంది భవిత. "ఈయన వీధి మొత్తానికి చెప్పారు, మీకు చెప్పారు. నన్నింతవరకు ఎవరూ అడగలేదు."

బుజ్జమ్మత్త నా వైపు, ఇంకా చూస్తావేందిరా అన్నట్టు చూసింది. "పద సుష్మితా. మనం గడప కాడ కూకుందాం. ఏ అత్త లోపలికొస్తదో నేనూ జూస్తా," అంటూ అక్కను తీసుకుని బయటికెళ్ళి తలుపు దగ్గరికి వేసింది.

గదిలో మేమిద్దరం మిగిలాం. బయట వాన చప్పుడు. నా ఒంటి మీంచి నీళ్ళు కారి నేల మడుగైంది. చేతిలో బుజ్జమ్మత్త గొడుగు ఇంకా తెరిచే ఉంది.

"అడ్డం నిలబడ్డానికి అన్న మాటా అది?" అని అడిగింది భవిత.

"అబద్ధం తట్టుంటే అబద్ధమే చెప్పేవాణ్ణి. నిజంగా తట్టలేదు. నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

ఆమె తల వంచుకుని కొత్త సిరంజి కవరు చింపింది. 

"చేసుకుంటా," అంది. "బయట ఇంకా ఇరవై మంది ఉన్నారు. తలుపు తీసి పక్కకు జరగండి."

జరిగాను.